సేద్య నియంత్రణ యూనిట్లలో కాల సమన్వయం: ఇంటర్నెట్ సమయ ప్రోటోకాళ్ల వినియోగం

బిందు సేద్యాన్ని, ఫెర్టిగేషన్‌ను, పాలీహౌస్‌లలోని ఫాగర్లను స్వయంచాలకంగా నడిపే నియంత్రణ యూనిట్ల విషయంలో సెన్సర్లు, వాల్వులు, ఫిల్టర్ల ఎంపికపై విస్తారంగా చర్చ జరుగుతుంది. అదే పెట్టెలో ఒక మూలన ఉండే గడియారాన్ని పట్టించుకునేవారు తక్కువ. నిజానికి తక్కువ ఖర్చుతో అమర్చుకునే యూనిట్లలో అధికభాగం నేల తేమను బట్టి గాక వేళను బట్టే పనిచేస్తాయి. ఏ వాల్వు ఎన్ని గంటలకు తెరుచుకోవాలో, ఎన్ని నిమిషాలు తెరిచి ఉండాలో ముందుగా నమోదు చేస్తాము. మిగిలినది గడియారం చూసుకుంటుంది. ఆ గడియారం తప్పితే సెన్సర్లు, ఫిల్టర్లు ఎంత మేలైనవైనా పైరుకు అందవలసిన నీరు వేళకు అందదు.

గడియారం చేసే పనులు రెండని మొదటే గుర్తించాలి. ఒకటి వేళను చెప్పడం, అంటే ఇప్పుడు ఏ తేదీ, ఎన్ని గంటలు అన్నది. రెండవది నిడివిని కొలవడం, అంటే వాల్వు తెరిచి ఎంతసేపయింది అన్నది. ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే సమయం మొదటి పనికి మాత్రమే కావాలి. రెండవ పనికి దానిని వాడితే మేలు బదులు కీడు జరిగే అవకాశం ఉంది. ఈ రెండింటినీ కలిపివేయడమే క్షేత్రస్థాయిలో కనిపించే చాలా లోపాలకు మూలం.

గడియారం తప్పడానికి కారణాలు

నియంత్రణ యూనిట్లలోని గడియారపు చిప్ సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికంపై ఆధారపడుతుంది. సాధారణ స్ఫటికానికి 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పది లక్షలకు 20 వంతుల వరకు తేడా ఉండవచ్చు. రోజుకు 86,400 సెకన్లు కనుక ఇది సుమారు 1.7 సెకన్లు. వేడి పెరిగినా, చలి పెరిగినా ఈ రకపు స్ఫటికం మందగిస్తుంది. 25 డిగ్రీల నుంచి ఎంత దూరం జరిగితే ఆ దూరపు వర్గానికి అనులోమంగా మందగమనం పెరుగుతుంది. వేసవిలో ఎండలో ఉన్న ఇనుప పెట్టె లోపల 55 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, వేడి వల్ల కలిగే వెనుకబాటు ఒక్కటే పది లక్షలకు సుమారు 31 వంతులు, అంటే రోజుకు 2.6 సెకన్లు, నెలకు దాదాపు 80 సెకన్లు. ఉష్ణోగ్రతకు తగినట్లు తనను తాను సవరించుకునే డీఎస్3231 వంటి చిప్‌లలో 0 నుంచి 40 డిగ్రీల మధ్య ఈ తేడా పది లక్షలకు 2 వంతులకు మించదు.

స్ఫటికం లేకుండా విద్యుత్ తరంగాలను లెక్కించే పాత టైమర్ల సంగతి వేరు. అవి సెకనుకు 50 తరంగాలు వస్తాయని నమ్ముతాయి. సరఫరాలో 49.5 మాత్రమే వస్తే తేడా ఒక శాతం, అంటే రోజుకు 14 నిమిషాల 24 సెకన్లు. కరెంటు పోయిన ప్రతిసారీ అవి ఆగిపోవడం దీనికి అదనం.

అయితే నెలకు 80 సెకన్ల వెనుకబాటు వల్ల ఏ పైరూ ఎండిపోదు. అసలు ప్రమాదం బటన్ బ్యాటరీలో ఉంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే ఆ 3 వోల్టుల బ్యాటరీ అయిపోతే, సరఫరా తిరిగి రాగానే చాలా యూనిట్లు 1970 లేదా 2000 జనవరి 1, అర్ధరాత్రి 0 గంటల నుంచి లెక్క మొదలుపెడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ పంపుసెట్లకు పగటిపూట 9 గంటల సరఫరా ఉన్నదనుకొని చూద్దాం. ఉదయం 10 గంటల 20 నిమిషాలకు కరెంటు వచ్చి గడియారం 0 నుంచి మొదలైతే, ఉదయం 6 గంటలకు నమోదు చేసిన తడి సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు రావాలి. ఆ వేళకు సరఫరా ముగిసి ఉండవచ్చు. మరునాడు మళ్లీ 0 నుంచే ఆరంభం. ఒక వాల్వు పరిధిలోని మొక్కలు వాడుతుంటే రైతు ఫిల్టరు కడుగుతాడు, డ్రిప్పర్లకు యాసిడ్ పెడతాడు, మోటారు మెకానిక్కును పిలుస్తాడు. గడియారం వైపు చూడాలన్న ఆలోచన ఆఖరున వస్తుంది.

ఇంటర్నెట్ ద్వారా సమయం అందే విధానం

మొబైల్ మోడెం లేదా వైఫై సౌకర్యం ఉన్న యూనిట్ తన గడియారాన్ని బయటి ప్రమాణంతో సరిచూసుకోగలదు. దీనికి అత్యధికంగా వాడుకలో ఉన్నది నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, క్లుప్తంగా ఎన్‌టీపీ. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ దీనిని రూపొందించాడు. తొలి నిర్దేశ పత్రం 1985లోను, ఇప్పుడు అమలులో ఉన్న నాలుగవ రూపం 2010లోను వెలువడ్డాయి. చిన్న యూనిట్లు దీని సరళ రూపమైన ఎస్‌ఎన్‌టీపీని వాడతాయి. రెండింటిలోనూ ప్రయాణించే సందేశం ఒకటే. వచ్చిన సమాధానాన్ని ఎంత నిశితంగా పరిశీలిస్తాయన్న దానిలోనే తేడా.

సర్వర్ నుంచి సమయం బయలుదేరి మోడెం చేరేలోపు కొంత కాలం గడిచిపోతుంది కదా, అందిన సమయం పాతబడి ఉండదా అన్న సందేహం సహజం. దీనికి మిల్స్ చెప్పిన పరిష్కారం చాలా తేలికైనది. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు సమయాలు నమోదవుతాయి: యూనిట్ అడిగిన క్షణం, సర్వర్‌కు ప్రశ్న చేరిన క్షణం, సర్వర్ బదులు పంపిన క్షణం, యూనిట్‌కు బదులు అందిన క్షణం. మొదటిది, చివరిది యూనిట్ గడియారం ప్రకారం. మధ్యలోని రెండు సర్వర్ గడియారం ప్రకారం.

ఉదాహరణకు యూనిట్ తన గడియారం సరిగ్గా 6 గంటలు చూపుతున్నప్పుడు అడిగింది. సర్వర్ తన లెక్కలో 6 గంటల మీద 90.200 సెకన్లకు ప్రశ్నను అందుకొని, 90.210కి బదులు పంపింది. బదులు చేరేసరికి యూనిట్ గడియారంలో 6 గంటల మీద 0.410 సెకను అయింది. పోయేటప్పటి తేడా 90.200, వచ్చేటప్పటి తేడా 90.210 నుంచి 0.410 తీసివేస్తే 89.800. రెండింటి సగటు 90. అంటే యూనిట్ గడియారం 90 సెకన్లు వెనుకబడి ఉంది. రానుపోను ప్రయాణానికి పట్టినది 0.400 సెకను. పోయే దారి ఆలస్యం, వచ్చే దారి ఆలస్యం సమానమైతే అవి సగటులో పరస్పరం రద్దయిపోతాయి. సమానం కాకపోయినా, లెక్కలో రాగల తప్పు మొత్తం ప్రయాణ కాలంలో సగానికి మించదు, ఇక్కడ 0.200 సెకను. గ్రామాలలో బలహీనమైన సిగ్నల్‌పై రానుపోను 2 సెకన్లు పట్టినా తప్పు 1 సెకనులోపే. వాల్వులు తెరవడానికి ఇది చాలినంత కంటే ఎక్కువ. మిల్లీసెకన్ల కచ్చితత్వం ఉందని చెప్పి అధిక ధర అడిగే పరికరం సేద్యానికి అవసరం లేదని మా అభిప్రాయం. పైరుపై గాలి సుడులను సెకనుకు 10, 20 సార్లు కొలిచే పరిశోధన స్తంభాలకు అది కావాలి. అక్కడ జీపీఎస్ రిసీవర్ అమర్చడమే తగిన మార్గం.

సమాధానాన్ని స్వీకరించే ముందు యూనిట్ కొన్ని విషయాలు సరిచూడాలి. ప్రతి సర్వర్ తన అంతస్తు సంఖ్యను తెలుపుతుంది: అణు గడియారానికి గాని జీపీఎస్‌కు గాని నేరుగా అనుసంధానమైనది 1, దాని నుంచి సమయం తీసుకునేది 2, ఆ విధంగా 15 వరకు. 16 అంటే దానికే సమయం కుదరలేదని అర్థం. 0 వస్తే అది సమయం కాదు, ఇక అడగవద్దన్న హెచ్చరిక. సర్వర్ గడియారం కుదరలేదని తెలిపే ప్రత్యేక సూచిక కూడ సందేశం ఆరంభంలో ఉంటుంది. తాను పంపిన సమయమే బదులులో తిరిగి వచ్చిందా అన్నది మరొక ముఖ్యమైన పరీక్ష. అది సరిపోకపోతే ఆ బదులు పాతదో, మరెవరో పంపినదో అయి ఉంటుంది. ఈ నాలుగు పరీక్షలకు పట్టే ప్రోగ్రాము పది పంక్తులకు మించదు. అయినా చవక యూనిట్లలో ఇవి లేకపోవడం తరచు కనిపిస్తుంది.

అందిన సమయాన్ని అమలు చేయడం

తేడా తెలిసిన తరువాత గడియారాన్ని సరిచేయడంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒక్కసారిగా ముల్లు జరపడం ఒక పద్ధతి. గడియారపు వేగాన్ని కొద్దిగా పెంచి లేదా తగ్గించి మెల్లగా దారికి తేవడం మరొకటి. పెద్ద కంప్యూటర్లలో వాడే ఎన్‌టీపీ ప్రోగ్రాము సాధారణంగా 128 మిల్లీసెకన్లలోపు తేడాను మెల్లగా సర్దుతుంది, అంతకు మించితే జరుపుతుంది, 1000 సెకన్లు దాటితే సర్దడానికే నిరాకరించి ఆగిపోతుంది. మెల్లగా సర్దే వేగం సెకనుకు అర మిల్లీసెకను మాత్రమే కనుక, పై ఉదాహరణలోని 90 సెకన్లను ఆ విధంగా సర్దాలంటే 50 గంటలు పడుతుంది. కాబట్టి సేద్య యూనిట్లలో జరపడం తప్పనిసరి. చిక్కు అక్కడే వస్తుంది.

గడియారం 6 గంటలు చూపినప్పుడు వాల్వు తెరవాలని ప్రోగ్రాములో వ్రాసి ఉందనుకుందాం. 5 గంటల 59 నిమిషాల వద్ద ఉన్న గడియారాన్ని 6 గంటల 1 నిమిషానికి జరిపితే 6 గంటలన్న క్షణమే రాదు. ఆ రోజు తడి లేదు. 6 గంటల 1 నిమిషం వద్ద ఉన్న దానిని 5 గంటల 59 నిమిషాలకు వెనక్కి జరిపితే 6 గంటలు రెండు సార్లు వస్తాయి. అది ఫెర్టిగేషన్ కార్యక్రమమైతే ఎరువు ట్యాంకు వాల్వు రెండు సార్లు తెరుచుకుంటుంది. మొక్కల వేళ్ల వద్ద లవణ సాంద్రత పెరగడం, తరువాతి తడికి నత్రజని కిందికి కారిపోవడం దీని ఫలితాలు. అందుచేత ప్రోగ్రాము అడగవలసిన ప్రశ్న 'ఇప్పుడు 6 అయిందా' అన్నది కాదు. '6 దాటిందా, ఈ తేదీ తడి ఇదివరకే ఇచ్చామా' అన్నది. ఇచ్చిన తడి వివరం కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో ఉండాలి.

నిడివి విషయం ఇంకా ముఖ్యమైనది. 6 గంటలకు తెరిచిన వాల్వును 6 గంటల 40 నిమిషాలకు మూయాలని వేళల లెక్కలో వ్రాస్తే, నడుమ గడియారం 15 నిమిషాలు వెనక్కి జరిగినప్పుడు వాల్వు 55 నిమిషాలు తెరిచి ఉంటుంది. లేటరళ్లు 1.2 మీటర్ల ఎడంలో, డ్రిప్పర్లు 60 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న ఎకరంలో సుమారు 5,620 డ్రిప్పర్లు పడతాయి. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లయితే ఆ 15 నిమిషాలలో అదనంగా పోయేది సుమారు 2,800 లీటర్లు. 1970 నుంచి ఒక్కసారిగా నేటి తేదీకి జరిగిన యూనిట్‌లోనైతే వాల్వు తెరిచి అర్ధ శతాబ్దం దాటిందని లెక్క తేలి, తెరిచిన మరుక్షణమే మూసుకుపోతుంది. అందువల్ల నిడివిని, యూనిట్ ఆన్ అయినప్పటి నుంచి ముందుకు మాత్రమే సాగే అంతర్గత లెక్కింపుతోనే కొలవాలి. ఎన్‌టీపీ దానిని తాకకూడదు. దీనికి తోడు, ఏ కారణం వల్లనైనా వాల్వు తెరిచి ఉండగల గరిష్ఠ కాలాన్ని విడిగా నిర్ణయించడం మంచిది.

మేము సూచించే విధానం ఇది. 2 సెకన్లలోపు తేడాను వెంటనే సరిచేయవచ్చు. 5 నిమిషాల వరకు ఉన్న తేడాను ఏ వాల్వూ తెరిచి లేని వేళలో మాత్రమే సరిచేయాలి. అంతకు మించితే ఒక సర్వర్ మాటను నమ్మకూడదు. మూడు సర్వర్లను అడిగి నడిమి విలువను తీసుకోవాలి. రెండింటిని అడిగితే చాలదు, అవి విభేదించినప్పుడు ఏది సరైనదో తేల్చే ఆధారం ఉండదు. బ్యాటరీ అయిపోయినట్లు గడియారపు చిప్ తెలిపినప్పుడు, సరైన సమయం దొరికే వరకు వేళల కార్యక్రమాన్ని నిలిపి, పెట్టెపై ఎర్ర దీపం వెలిగించడం ఉత్తమం. స్ఫటికం ఎప్పుడైనా ఆగిందా అన్నది డీఎస్3231 తనలో గుర్తు పెట్టుకుంటుంది; ఆ గుర్తును చదవని ప్రోగ్రాములే ఎక్కువ.

సర్వర్ల ఎంపిక

భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించే బాధ్యత న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. సీజియం గడియారాల ఆధారంగా ఉన్న ఆ సమయాన్ని అది ఎన్‌టీపీ సర్వర్ల ద్వారా కూడ అందిస్తోంది. ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు తమ కంప్యూటర్ వ్యవస్థల గడియారాలను ఈ ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రం సర్వర్లతో గాని, వాటితో సరిపోలే సర్వర్లతో గాని కలపాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. పరిశోధన స్థానాలలో పరికరాలు అమర్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సర్వర్‌ను సంఖ్యా చిరునామాతో గాక పేరుతోనే నమోదు చేయాలి. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్‌లో జరిగినది దీనికి ప్రసిద్ధ నిదర్శనం. నెట్‌గేర్ సంస్థ గృహ రౌటర్లలో ఆ విశ్వవిద్యాలయపు సర్వర్ సంఖ్యా చిరునామా శాశ్వతంగా ముద్రితమై ఉంది. బదులు రాకపోతే ఆ రౌటర్లు సెకనుకొకసారి మళ్లీ అడిగేవి. సెకనుకు రెండు లక్షలకు పైగా ప్రశ్నలు వచ్చి పడ్డాయి. మన యూనిట్లు సంఖ్యలో అంత కాకపోయినా, ఒక ఫీడరుపై కరెంటు రాగానే అన్నీ ఒకే క్షణాన మేల్కొంటాయి. కాబట్టి మేల్కొన్న తరువాత ఒకటి నుంచి పది నిమిషాలలోపు యాదృచ్ఛిక విరామం తీసుకొని అడగడం, బదులు రాకపోతే విరామాన్ని రెట్టింపు చేస్తూ పోవడం మర్యాద. మంచి గడియారపు చిప్ ఉన్న యూనిట్‌కు రోజుకు ఒకసారి అడగడం సరిపోతుంది.

మొబైల్ సంస్థ ఎన్‌టీపీ ప్రశ్నలను అనుమతించని చోట మోడెం తన టవరు నుంచి గ్రహించే సమయాన్ని వాడవచ్చు. ఒకే క్షేత్రంలో అనేక యూనిట్లు ఉంటే ఒక గేట్‌వే మాత్రమే బయట నుంచి సమయం తెచ్చి మిగిలిన వాటికి పంచడం మేలు. ఒకే పంపుపై ఉన్న వాల్వుల నడుమ పొందిక ఉండడం, అవి అన్నీ కలిసి అర సెకను తప్పడం కంటే ముఖ్యం.

అయిదున్నర గంటల సమస్య

ఎన్‌టీపీ అందించేది అంతర్జాతీయ సమన్విత కాలం. మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు, అంటే 19,800 సెకన్లు ముందు. దీనిని కలపడం మరచిన యూనిట్‌లో ఉదయం 6 గంటల తడి 11 గంటల 30 నిమిషాలకు వస్తుంది. ఇది వెంటనే కంటబడుతుంది. వాతావరణ కేంద్రాలలో ఇదే తప్పు నెలల తరబడి దాగి ఉండగలదు. మన దేశంలో వర్షపాతపు రోజు ఉదయం 8 గంటల 30 నిమిషాల నుంచి మరునాటి అదే వేళ వరకు లెక్క. గడియారం అయిదున్నర గంటలు వెనుక ఉంటే ఉదయం 10 గంటల వాన 4 గంటల 30 నిమిషాల వానగా నమోదై ముందురోజు ఖాతాలోకి పోతుంది. ఆకు తడి గంటలను బట్టి తెగుళ్లను అంచనా వేసే నమూనాలకు ఇటువంటి పట్టికలు ఇస్తే సలహా ఎటు పోతుందో ఊహించవచ్చు. నమోదులను అంతర్జాతీయ కాలంలోనే భద్రపరచి, చూపేటప్పుడు మాత్రమే మన కాలంలోకి మార్చడం ఈ గందరగోళాన్ని నివారిస్తుంది. విదేశీ యూనిట్లలో వేసవికాలపు గంట మార్పు అమరికను తప్పక ఆపివేయాలి.

పాత పట్టికలలోని వేళలు సరైనవో కావో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ అక్కరలేని పరీక్ష ఒకటి ఉంది. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం తుని ప్రాంతం మీదుగా పోతుంది. అక్కడి నుంచి పడమటికి ఒక్కొక్క డిగ్రీకి సూర్యుడు 4 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. అనంతపురం 77.6 డిగ్రీల వద్ద ఉంది కనుక ఆలస్యం సుమారు 20 నిమిషాలు. భూకక్ష్య వల్ల కలిగే సవరణ ఏప్రిల్ 15 ప్రాంతాన దాదాపు శూన్యం. ఆ రోజులలో మబ్బులేని ఒక రోజు సౌరవికిరణ రేఖను తీసుకొని, ఉదయసాయంత్రాలు రెండింటిలో ఒకే విలువ ఉన్న వేళల మధ్య బిందువును గుర్తిస్తే అది 12 గంటల 20 నిమిషాల దగ్గర ఉండాలి. హైదరాబాదులో 12 గంటల 16 నిమిషాలు. ఫిబ్రవరి మధ్యలో దీనికి 14 నిమిషాలు కలపాలి; నవంబరు ఆరంభంలో 16 తీసివేయాలి. మధ్య బిందువు 7 గంటల ప్రాంతాన కనిపిస్తే గడియారం అయిదున్నర గంటలు వెనుక ఉన్నట్లే.

2036, 2038

ఎన్‌టీపీ సందేశంలో సెకన్లు 1900 జనవరి 1 నుంచి లెక్కించబడతాయి. దానికి కేటాయించిన 32 బిట్లు 2036 ఫిబ్రవరి 7న, మన కాలమానం ప్రకారం ఉదయం 11 గంటల 58 నిమిషాల 16 సెకన్లకు నిండి మళ్లీ 0 అవుతాయి. 1970 నుంచి లెక్కించే ప్రోగ్రాములలో 32 బిట్ల సంఖ్యను వాడినవి 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాలు దాటగానే 1901కి పోతాయి. ఇప్పుడు అమరుస్తున్న పెట్టెలలో కొన్ని అప్పటికి పొలాలలోనే ఉంటాయి. ఈ రెండు తేదీలను దాటినట్లు గడియారాన్ని ముందుకు పెట్టి, ఒక పూర్తి రోజు కార్యక్రమాన్ని నడిపించి చూపమని కొనుగోలు షరతులలోనే కోరవచ్చు. ప్రయోగశాల బల్లపై దీనికి పట్టేది ఒక్క రోజు.